మాస్టారి వేలు, నేను వేసిన ప్యాడ్లు

క్లారినెట్లు బాగుచేయడం నేర్చుకుంటున్న పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "ఆంటీ, అన్నిటికన్నా మంచి ప్యాడ్ ఏది?" అని. ఉద్యోగంలో ఉండగా చాలా ఏళ్ళు ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. "ముందు వాయించే మనిషిని పిలవండి" అంటాను. వయసు మీదపడి ఆంటీ మాట దాటేస్తోందని వాళ్ళు అనుకుంటారు. అలా అనుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు కాబట్టి, ఒక మాస్టారి సంగతి ఇక్కడ రాస్తున్నాను. చదివాక మీకు తోచింది మీరు అనుకోండి.

ఈ పనితో పరిచయం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. క్లారినెట్ అంటే నల్లచెక్కతో చేసిన గొట్టం, దాని నిండా రంధ్రాలు. కొన్నిటిని వేళ్ళే మూస్తాయి. వేళ్ళు అందని వాటిని వెండిరంగు మీటలు మూస్తాయి. ఆ మీట కింద చొక్కా గుండీ అంత మెత్తటి బిళ్ళ ఒకటి ఉంటుంది. అదే ప్యాడ్. అది రంధ్రం మీద గాలి పోకుండా కూర్చుంటే స్వరం పలుకుతుంది, లేకపోతే కీచుమంటుంది, లేదా మొత్తానికే మూగబోతుంది. పాత వాద్యాన్ని కొత్తగా చేయడమంటే ముఖ్యంగా ఈ బిళ్ళలన్నీ పీకేసి వేరేవి వేయడమే. వేటితో చేసినవి వేయాలన్నది మా పనివాళ్ళకి ఎన్నటికీ తెగని తగాదా.

ఉన్ని బిళ్ళకు ఉల్లిపొర లాంటి పల్చటి పొర చుట్టినవి కొన్ని. మా ఉస్తాద్ వాటిని ఝిల్లీ అనేవాడు. తేలిగ్గా మూసుకుంటాయి, స్వరం తేటగా ఉంటుంది, కానీ ఢిల్లీ మే నెల వడగాలికి పొర చిట్లిపోతుంది. తోలువి ఉంటాయి. నెమ్మదస్తులు, చప్పుడు చేయవు, వానాకాలం మాత్రం ఉబ్బుతాయి. కార్క్‌వి గట్టివి, రంధ్రం అంచు ఏమాత్రం వంకరగా ఉన్నా మొరాయిస్తాయి. ఇక విదేశాల నుంచి వచ్చే సింథటిక్‌వి. ఎండకు ఎండవు, వానకు ఉబ్బవు, ఏళ్ళ తరబడి వేసినవి వేసినట్టే ఉంటాయి. నాకు వీటి మీద పిచ్చి ప్రేమ. వాటిని మా దుకాణానికి తెప్పించిందే నేను. వచ్చిన ప్రతి క్లారినెట్‌కీ అవే వేస్తానని పేచీ పెట్టేదాన్ని.

నేను ఈ పనిలోకి వచ్చింది అడ్డదారిన. మావారికి కేంద్ర ప్రభుత్వంలో గుమస్తా ఉద్యోగం, ఆర్.కె. పురంలో క్వార్టరు. పిల్లలు బడికి పోయాక ఊరికే కూర్చోలేక, వాద్యాలు అమ్మి బాగుచేసే ఒక దుకాణంలో చేరాను. వచ్చిన ప్రతి వాద్యానికీ ఒక చీటీ కట్టి, దాని మీద సొంతదారు ఎవరో, దానికొచ్చిన జబ్బేమిటో రాయడం నా పని. ఒకరోజు ఒక క్లారినెట్ పెట్టెలో మఖమల్ గుడ్డ చిరిగిపోయి ఉంటే ఊరుకోలేక కుట్టి పెట్టాను. ఆ కుట్టు చూసి ఉస్తాద్ "బేటీ, ఇధర్ బైఠో" అని తన బల్ల పక్కనున్న స్టూలు చూపించాడు. ఆ స్టూలు మీద ఇరవై ఏళ్ళకు పైగా కూర్చున్నాను.

ఉస్తాద్ మీరట్ మనిషి. తాతల కాలం నుంచి వాళ్ళింట్లో బ్యాండు వాద్యాలు చేసేవాళ్ళు. మాట తక్కువ. నేను తప్పు చేస్తే తిట్టేవాడు కాదు. ఆ వాద్యాన్ని నా ముందుకు తోసి టీ తాగడానికి వెళ్ళిపోయేవాడు. తిరిగొచ్చేలోపు తప్పేదో నేనే కనిపెట్టాలి. ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరు వాద్యం తెచ్చినా, విప్పే ముందు వాళ్ళ చేత అయిదు నిమిషాలు వాయింపించుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. నాకు అదంతా చాదస్తంగా అనిపించేది. గాలి కారుతున్న క్లారినెట్‌ని వింటే గాలి కారుతోందని తప్ప ఇంకేం తెలుస్తుందని నా వాదన.

మూడో మనిషి హవల్దార్ సాబ్. సైనిక బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరై మా దగ్గర చేరిన మలయాళీ. బాగైన ప్రతి వాద్యాన్నీ ఆయన నిటారుగా నిలబడి, ఒక ఇంగ్లీషు స్కేలు, ఒక కవాతు పాట వాయించి "ఏ వన్" అనాలి. ఆ మాట పడితేనే అది పెట్టెలోకి వెళ్ళేది.

మాస్టారు మా దుకాణానికి వచ్చింది ఒక శనివారం. ఉస్తాద్ ఆ రోజుల్లో మేనకోడలి పెళ్ళికని మీరట్ వెళ్ళి ఉన్నాడు. మాస్టారి వెంట కూతురు. ఆమెకు నోయిడాలో ఒక కంపెనీలో మేనేజరు ఉద్యోగం, ఇల్లు ఇందిరాపురంలో. "కారు రోడ్డు మీదే పెట్టాను మేడమ్, చలాన్ వేసేస్తారు" అని హిందీలో అంటూనే లోపలికి వచ్చింది. నేను తెలుగులో "రండమ్మా, కూర్చోండి" అనేసరికి ఇద్దరి మొహాలూ వికసించాయి. మేడమ్ పోయి ఆంటీ వచ్చింది. ఆమెకూ నాకూ మహా అయితే పదిహేనేళ్ళ తేడా, అయినా ఢిల్లీలో ఆంటీ అనే పిలుపును తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు.

మాస్టారిది గోదావరి వైపు. యాభై ఏళ్ళు గుళ్ళలోనూ కచేరీల్లోనూ కర్ణాటక సంగీతాన్ని క్లారినెట్ మీద వాయించిన మనిషి. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. రెండేళ్ళ కిందట చిన్నగా పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. ఏడాది పాటు వ్యాయామాలు చేసి, ఒక్కొక్క వేలినీ బతిమాలుకుని, మళ్ళీ క్లారినెట్ పట్టుకునే దాకా వచ్చారు. తీరా ఆయన సిద్ధమయ్యేసరికి వాద్యం మూలపడింది.

"కింది స్వరాలు పలకట్లేదమ్మా," అన్నారు మాస్టారు. "ఊదీ ఊదీ ఆయాసం వస్తోంది. మిగతాదంతా బానే ఉంది. కాస్త గాలి పోకుండా చూస్తే చాలు."

"మొత్తం కొత్తగా చేసిస్తాను మాస్టారూ. మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాను.

ఆయన పెట్టె తెరిచి, ఊదేచోట బిగించే సన్నటి రెల్లుబద్దను, అదే రీడును, తీసి నోట్లో పెట్టుకుని తడపసాగారు. వాయించి చూపిద్దామని. కూతురు వాచీ చూసుకుంది. "నాన్నా, ఆవిడకి తెలుసు కదా. పద, మళ్ళీ ట్రాఫిక్ అయిపోద్ది," అంది. నేను కూడా "అక్కర్లేదండీ, నేను చూసుకుంటాను" అన్నాను. ఆయన రీడు నోట్లోంచి తీసి, పైపంచెతో తుడిచి, జాగ్రత్తగా పెట్టెలో పెట్టేశారు. తప్పు జరిగింది అక్కడే. మిగతాదంతా దాని వెనకే వచ్చింది.

సోమవారం విప్పి చూస్తే నవ్వొచ్చింది. ప్రతి మీట కిందా ఎవరో చేత్తో కోసి అతికించిన తోలు బిళ్ళలు. నూనె పట్టి నల్లబడి, ముడతలు పడి, వేలితో నొక్కితే లోపలికి దిగిపోయేంత మెత్తగా ఉన్నాయి. ప్యాడ్ కింద సిగరెట్ కాగితం పీలిక పెట్టి, మీట మూసి లాగితే అది బిగుసుకోవాలి. అది మా పరీక్ష. ఇక్కడ సగం చోట్ల కాగితం ఆడుతూ పాడుతూ బయటికి వచ్చేసింది. పైగా మీటలన్నీ రంధ్రాలకు మరీ దగ్గరగా, మా రిపేరు పుస్తకంలో చెప్పిన ఎత్తులో సగానికే లేస్తున్నాయి. ఇంతకాలం దీన్ని ఎలా వాయించారో పాపం, అని జాలిపడ్డాను. జాలిలో కాస్త గర్వం కలిస్తే ఎంత హాయిగా ఉంటుందో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. ఆ తోలు ముక్కలన్నీ చెత్తబుట్టలో వేశాను.

నాలుగు రోజులు కూర్చుని పని చేశాను. రంధ్రాల అంచులు చదును చేశాను. నా ముద్దుల సింథటిక్ ప్యాడ్లు ఒక్కొక్కటీ వేడిచేసి అంగుళంలో వందో వంతు తేడా లేకుండా కూర్చోబెట్టాను. మీటల ఎత్తు పుస్తకంలో ఉన్నట్టు పెంచాను. సిగరెట్ కాగితం చిరిగింది గానీ జారలేదు. హవల్దార్ సాబ్ కవాతు పాట వాయించి "ఏ వన్, మేడమ్" అన్నాడు. మామూలుగా ఆయన మేడమ్ కలపడు.

తర్వాతి శనివారం మాస్టారు వచ్చి అక్కడే నిలబడి రెండు స్వరాలు ఊదారు. నిండుగా పలికాయి. మూడో స్వరం మీద కుడిచేతి చూపుడువేలు మెల్లగా కదిపారు. ఆగారు. మళ్ళీ కదిపారు. ఆ వేలి వైపు ఒకసారి చూసుకుని క్లారినెట్ కిందికి దించేశారు.

"బావుందమ్మా. చాలా శుభ్రంగా పలుకుతోంది. ఎంతో శ్రమపడ్డావు, చల్లగా ఉండు తల్లీ," అన్నారు.

ఆయన వేలి వైపు చూసుకోవడం నేను చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మావారికి నా పనితనం గురించి అరగంట చెప్పాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని విన్నారు.

మూడు వారాల తర్వాత కూతురు ఫోన్ చేసింది. ఫిర్యాదు చేయడానికి కాదు. "ఆంటీ, మీ దగ్గరికి నేర్చుకునే పిల్లలు ఎవరైనా వస్తుంటారా? నాన్నగారు క్లారినెట్ ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు."

"అదేంటమ్మా, ఇప్పుడే కదా బాగుచేశాం?"

"మీరు బానే చేశారు. ఆయన చెయ్యే మళ్ళీ పాడవుతున్నట్టుంది. వేలు మాట వినట్లేదంటారు. మొదటి వారం రోజుకి నాలుగు గంటలు కూర్చున్నారు. తర్వాత పెట్టె మూసేశారు. ఇప్పుడసలు మాట్లాడటం కూడా తగ్గించేశారు. వచ్చే గురువారం న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మళ్ళీ స్కాన్ తీయించాలేమో."

ఫోన్ పెట్టేసి ఉస్తాద్‌కి సంగతి చెప్పాను. ఆయన పెళ్ళి నుంచి తిరిగొచ్చి చాలా రోజులైంది. చేతిలో పనిముట్టు కింద పెట్టి, "ఉసే సునా థా?" అని అడిగాడు. వాద్యం విప్పకముందు ఆయన వాయిస్తే విన్నావా, అని.

"లేదు ఉస్తాద్‌జీ. వాళ్ళకి తొందరగా ఉండింది."

నా ముందుకు తోయడానికి వాద్యం అక్కడ లేదు. ఆయన తలుపు వైపు చెయ్యి చూపించి, "జా. సున్‌కే ఆ," అన్నాడు. వెళ్ళి విని రా.

ఆదివారం పొద్దున్నే బయల్దేరి రెండుసార్లు మెట్రో మారి వైశాలిలో దిగి, షేర్ ఆటోలో ఇందిరాపురం చేరాను. దారంతా నన్ను నేను సమాధానపరచుకుంటూనే ఉన్నాను. పెద్దాయన, పక్షవాతం వచ్చిన చెయ్యి, వాద్యం చూస్తే ఏ వన్. తలుపు తీసింది మనవరాలు, పదేళ్ళ పిల్ల. నన్ను ఎగాదిగా చూసి లోపలికి కేకేసింది. "తాతయ్యా, క్లారినెట్ వాలీ ఆంటీ ఆయీ హై."

మాస్టారు బాల్కనీలోంచి వచ్చారు. మూడు వారాల్లో మనిషి సగమయ్యారు. "ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా? నీ పనిలో లోపం లేదు," అన్నారు. "వేలు పోయింది. ఏం చేస్తాం."

"ఒక్కసారి వినాలని వచ్చాను మాస్టారూ. మొదటే వినాల్సింది. నా కోసం వాయించండి."

ఆయనకు ఇష్టం లేదు. కూతురు కూడా వద్దన్నట్టు తలాడించింది. నేను కదలకుండా కూర్చున్నాను. చివరికి పెట్టె తెచ్చి తోడి రాగం ఎత్తుకున్నారు.

తోడిలో గాంధారం అనే స్వరం ఒకచోట నిలబడదు. కిందా పైనా ఊగుతూ ఉంటుంది, ఆ ఊపులోనే రాగం ఉంటుంది. మాస్టారు క్లారినెట్ మీద ఆ ఊపును వేలు జార్చి తెస్తారు. రంధ్రం మీంచి వేలు కొంచెం కొంచెంగా జరుపుతారు. వేలు జరిగినప్పుడు దాని కింద రంధ్రం చుట్టూ ఉన్న లోహపు రింగు లేస్తుంది, ఆ రింగుకు కట్టివున్న ప్యాడ్ పైన ఇంకో రంధ్రాన్ని తెరుస్తుంది. నేను ఆయన వేలినే చూస్తూ కూర్చున్నాను. అది ఎక్కడా తడబడలేదు. నెయ్యి మీద జారినంత మెత్తగా జారింది. కానీ పైన నా ప్యాడ్ మాత్రం టక్కున లేచి, టక్కున మూసుకుంది. గాంధారం ఊగలేదు. మెట్లెక్కింది, మెట్లు దిగింది.

"విన్నావా?" అన్నారు మాస్టారు, క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని. "యాభై ఏళ్ళు తిరిగిన వేలు. ఇప్పుడు నా మాట వినట్లేదు."

ఆయన ఆ వేలిని ఎడమచేత్తో పట్టుకుని నాకు చూపించారు, తప్పు చేసిన పిల్లవాణ్ణి చెవి పట్టుకుని తెచ్చినట్టు. నాకు అంతా అర్థమైంది. ఆ పాత తోలు బిళ్ళలు మెత్తగా ఉండబట్టి, మీట తక్కువ ఎత్తు లేవబట్టి, రంధ్రం నెమ్మదిగా తెరుచుకునేది. గాలి కొద్దికొద్దిగా పోయేది. స్వరం జారేది. నేను లోపం అనుకున్నదంతా ఆయన సంగీతానికి కావలసిన ఏర్పాటు.

ఆ క్షణంలో చెప్పేయాల్సింది. నా నోరు లేవలేదు. మీకు నిజం చెప్పాలి కదా, ఆ సోఫాలో కూర్చుని నేను ఒక లెక్క వేసుకున్నాను. కాగితం పరీక్షలో ఈ వాద్యం నెగ్గింది, హవల్దార్ నెగ్గించాడు. పక్షవాతం వచ్చిన డెబ్బై అయిదేళ్ళ చెయ్యి అంటే ఎవరైనా నమ్ముతారు. ఆయనే నమ్మేశారు. నేను నోరు మూసుకుంటే నా పేరుకు ఏమీ కాదు. ఇలాంటి ఆలోచన నాకు వచ్చినందుకు ఈరోజుకీ సిగ్గుగానే ఉంది.

"చిన్న సర్దుబాటు ఉంది మాస్టారూ. బుధవారానికి తెచ్చిస్తాను," అని మాత్రం అన్నాను. తర్వాత, ఏమీ ఎరగనట్టు, "ముందున్న తోలు ప్యాడ్లు ఎవరు చేసేవాళ్ళు?" అని అడిగాను.

"మా ఊళ్ళో మృదంగాలకి తోలు కట్టే ఆయన. మేకతోలు పల్చగా గీకి, ఆముదం పట్టించి, లోపల కంబళి ముక్క పెట్టి ఇచ్చేవాడు. ఆయనా పోయాడు, ఇప్పుడు అలాంటివి దొరకవు. అవి నీ దగ్గర ఉన్నాయా అమ్మా?"

"లేవండీ," అన్నాను. ఆయన మొహం వైపు చూడలేకపోయాను.

సోమవారం ఉస్తాద్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. టీకి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. తన స్టూలు నా బల్ల ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. చేతి తొడుగులు కుట్టే పల్చటి తోలు తెప్పించి మొదటి జత చేశాం. అది బిరుసుగా ఉండి ప్యాడ్ చప్పుడు చేసింది. మధ్యాహ్నం నేను ఆర్.కె. పురంలో మన దక్షిణాది వాళ్ళకు మృదంగాలు బాగుచేసే ఒకాయన దగ్గరికి పరుగెత్తాను. కథంతా చెబితే ఆయన ఒక డబ్బా బోర్లించి మేకతోలు ముక్కలు కింద పోశాడు. ఒక్కొక్క ముక్కనూ చెంపకు ఆనించుకుని చూశాను. అక్కడున్నవాళ్ళు నాకు మతి పోయిందనుకుని ఉంటారు. అన్నిట్లోకీ మెత్తటివి ఏరి తెచ్చుకున్నాను.

ఆ తోలును ఇంకా గీకి, ఆముదం పట్టించి, మావారి పాత శాలువా అంచు కత్తిరించి లోపల పెట్టాను. శాలువా సంగతి ఆయనకు చలికాలం వచ్చాక తెలిసింది. ఉత్సాహం ఆగక అన్ని మీటలకూ తోలే వేయబోతుంటే ఉస్తాద్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "హర్ జగహ్ నహీఁ," అన్నాడు. అన్నిచోట్లా వద్దని. కింద ఉండే పెద్ద మీటలను మాస్టారు జార్చరు, పూర్తిగా మూస్తారు, పూర్తిగా తెరుస్తారు. ఆయన బలహీనమైన చిటికెనవేలికి అక్కడ గట్టి పట్టు కావాలి, కాబట్టి నా సింథటిక్‌వి అక్కడే ఉండనిచ్చాం. పైన ఊపిరి తేమ చేరే చిన్న రంధ్రానికి కార్క్. వేలు జారే చోట్ల మాత్రం తోలు. మీటల ఎత్తు పుస్తకం మూసేసి తగ్గించాను. ఒక్క క్లారినెట్‌లో మూడు రకాలు. అంతకుముందు ఎవరైనా ఇలా చేస్తే నేను వెక్కిరించేదాన్ని.

ఇక పరీక్ష. హవల్దార్ సాబ్‌కి వేలు జార్చమని చూపించాను. ఆయన ఎప్పటిలా నిటారుగా నిలబడి ప్రయత్నించాడు. మూడుసార్లు కీచుమంది. "మేడమ్, ఇది నోట్ కాదు," అన్నాడు విసుగ్గా. "రెండు నోట్ల మధ్య ఎక్కడో ఉంది."

"అదే కావాలి సాబ్. ఆ మధ్యలోదే కావాలి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, కళ్ళు మూసుకుని వేలు కదిపాడు. నాలుగో ప్రయత్నానికి స్వరం జారింది. కవాతు పాటలు తప్ప ఎరగని ఆ మనిషి కళ్ళు తెరిచి తన వేలి వైపు ఆశ్చర్యంగా చూసుకున్నాడు. ఏ వన్ అనలేదు. "వారికి ఇవ్వండి. వారే చెప్పాలి," అన్నాడు.

బుధవారం సాయంత్రం ఇందిరాపురం వెళ్ళేసరికి కూతురు ఆఫీసు నుంచి అప్పుడే వచ్చింది. మర్నాటి డాక్టరు కాగితాలు బల్ల మీద ఫైల్లో సర్ది ఉన్నాయి. మాస్టారు క్లారినెట్ అందుకుని, పాత రిపోర్టు మళ్ళీ వినబోయే రోగిలా నిరుత్సాహంగా నోటికి ఆనించారు. తోడి ఎత్తుకున్నారు. గాంధారం దగ్గరికి వచ్చి వేలు జార్చారు.

అది ఊగింది.

ఆయన ఆగిపోయారు. మళ్ళీ వాయించారు. మళ్ళీ ఊగింది. మూడోసారి ఆ ఒక్క స్వరం మీదే అలా ఉండిపోయారు, కళ్ళు మూసుకుని, వదిలితే ఎక్కడికైనా పోతుందేమోనన్నంత సేపు. తర్వాత క్లారినెట్ దించి కూతురితో అన్నారు, "అమ్మాయ్, ఇవాళ వేలు తిరుగుతోందే. వ్యాయామాలు చేయించే ఆ ఫిజియో పిల్ల చెప్పింది పనిచేస్తున్నట్టుంది."

"చెప్పానా నాన్నా," అంది కూతురు. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. "ఆంటీకి కాఫీ పెడతాను."

కాఫీ తాగి వచ్చేయవచ్చు. అందరూ సంతోషంగా ఉన్నారు, ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. కానీ ఆయన తన వేలికి ఇవాళే బాగైందనుకుంటున్నారు. రేపు ఒక స్వరం తప్పితే మళ్ళీ ఆ వేలినే పట్టుకుని చూసుకుంటారు. నాకు అది భరించరానిదిగా తోచింది.

"మాస్టారూ, మీ వేలు ఆదివారం కూడా బానే తిరిగింది. నేను కళ్ళారా చూశాను. అంతకుముందూ బానే తిరిగి ఉంటుంది. తప్పు నేను వేసిన ప్యాడ్లది. మిమ్మల్ని వినకుండా వేశాను. ఆదివారమే తెలిసింది, చెప్పడానికి నోరు రాలేదు. క్షమించండి."

వంటింటి గుమ్మంలో కూతురు ఆగిపోయింది. "తెలిసి కూడా చెప్పలేదా ఆంటీ?" అంది. "ఆ చెయ్యి ఇంక పనికిరాదని రెండు వారాల నుంచి ఆయన అన్నం ఎడమచేత్తో స్పూను పట్టుకుని తింటున్నారు. మీకు తెలుసా?"

"తెలీదమ్మా," అన్నాను. ఆ కోపం న్యాయమైంది. డాక్టరుకు చూపించడం మాత్రం మానొద్దని, ఎలాగూ తీసుకున్న అపాయింట్‌మెంటే కదా అని నసిగాను.

మాస్టారు మా ఇద్దరి మాటలూ వినడంలేదు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, చూపుడువేలు చాపి, ముడిచి, మళ్ళీ చాపి చూసుకుంటున్నారు.

"అయితే అప్పుడు కూడా నా వేలు బానే ఉందా?" అని అడిగారు.

"బానే ఉందండీ."

"ఇంకోసారి చెప్పు తల్లీ."

"మీ వేలు బానే ఉందండీ. తప్పు నాది."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం కోసం వెతికాను, లేదు. సోఫా చివర కాళ్ళు ముడుచుకుని కూర్చున్న మనవరాలి వైపు చూపించారు. "దానికీ చెప్పు. తాతయ్య చెయ్యి ఖరాబ్ అయిపోయిందని, ఇక నేర్పలేనని చెప్పేశాను దానికి. తెలుగులో చెబితే సగమే అర్థమవుతుంది. హిందీలో చెప్పు, పూర్తిగా తెలియాలి."

జీవితంలో ఎందరో పెద్ద పెద్ద బ్యాండు మాస్టర్ల ముందు నా పనిని సమర్థించుకున్నాను. ఆ పదేళ్ళ పిల్ల ముందు మాత్రం నేల మీదికి దిగి కూర్చున్నాను. "బేటా, తాతయ్య కీ ఉంగ్లీ బిల్కుల్ ఠీక్ థీ. గల్తీ ఆంటీ కీ థీ."

పిల్ల నా వైపు చూసింది, తాతయ్య వేలి వైపు చూసింది. "అచ్ఛా," అంది. తర్వాత సోఫా మీద ఆయన వైపు జరిగి, క్లారినెట్ తీసి ఆయన చేతిలో పెట్టింది. "తో ఫిర్ బజాఓ నా, తాతయ్యా." అయితే మరి వాయించు, అని.

మాస్టారు మొదటి నుంచి ఎత్తుకున్నారు. కూతురు కాఫీ సంగతి మర్చిపోయి గుమ్మంలోనే నిలబడింది. ఆయన ఆపేదాకా నేను కదలకుండా విన్నాను.